వీణతో నింపిన కార్యక్రమం

ఇప్పుడు ఎవరికి తోచింది వాళ్ళు ఫోనులో మాట్లాడి లోకం మీదికి వదిలేస్తుంటే నాకు నవ్వొస్తుంది. మేం రేడియోలో దగ్గాలన్నా రూలు చూసుకుని దగ్గిన రోజులు గుర్తొస్తాయి. డిగ్రీ కాగానే రాజమండ్రిలో ఓ చిన్న రేడియో స్టేషన్‌లో నాకు తాత్కాలికంగా పని దొరికింది. అక్కడి పై అధికారిని చాటుగా అందరూ కత్తెరగారు అనేవారు (ఎదురుగా మాత్రం ఊపిరి తీసుకున్నప్పుడల్లా సార్ అనేవారు). కాలేజీ పిల్లల కోసం పావుగంట కార్యక్రమం నాకు అప్పగిస్తూ ఆయన, "రూలు తప్పకుండా వెళ్ళిందా, ఉద్యోగం ఉంటుంది. తప్పిందా, కొవ్వూరు రైలెక్కెయ్యమ్మా" అన్నారు. కొవ్వూరులో మా నాన్న చర్చి బడిలో నాకో టీచరు పని చూసిపెట్టి కాచుక్కూర్చున్నారు. నాకేమో రేడియో అంటే ప్రాణం.

'మా ఊరు' అనే విషయం మీద ముగ్గురు పిల్లల చేత మాట్లాడించి, ఆ టేపు తెచ్చి వినిపించాను. ఆత్రేయపురం అమ్మాయి పూతరేకుల రుచి చెబుతుంటే కత్తెరగారు కళ్ళు మూసుకుని గుటక వేసి, "వ్యాపార ప్రకటన అవుతుంది, తీసెయ్" అన్నారు. కడియం అబ్బాయి నర్సరీలో గులాబీలూ అలాగే పోయాయి. కొవ్వూరు అబ్బాయి రోజూ వంతెన మీద రైల్లో వస్తూ నిండు గోదారిని చూస్తానన్నాడు.

"నిండుగా ఉందంటే వరద సమాచారం. అది కలెక్టరాఫీసు చెప్పాలి. వంతెన అసలే చెప్పకూడదు, దేశ రక్షణ."

"అందరికీ కనబడుతూనే ఉంది కదండి?"

"కనబడితే కనబడనీ. మనం చెప్పకూడదు."

"మరి కాలేజీకి ఎలా వస్తున్నట్టండి?"

"వస్తున్నాడని చెప్పు. ఎలా అని ఎవరడిగారు?"

బ్లేడుతో టేపు కోసి అతికించగా చివరికి మూడు నమస్కారాలు, ఒక "మా ఊరు చాలా", ఒక "రోజూ వస్తానండి" మిగిలాయి. పావుగంట మాత్రం నిండాలి, నిశ్శబ్దం అన్నిటికన్నా పెద్ద తప్పు. సినిమా పాటలు వేద్దామంటే పిల్లలు చెడిపోతారన్నారు. "వీణ వెయ్యి. వీణకి ఏ రూలూ అడ్డురాదు" అన్నారు. వేశాను.

ఆ సాయంత్రం కార్యక్రమం ఒక్క తప్పు లేకుండా వెళ్ళింది. గర్వంగా బజారులోకి వస్తే కొట్లన్నీ మూసేస్తున్నారు. కిరాణా కొట్టు శెట్టిగారిని ఏంటండీ సంగతని అడిగాను.

"రేడియోలో పనిచేస్తూ నన్నడుగుతావేంటమ్మా? పోయిందెవరో నువ్వే చెప్పాలి. మధ్యమధ్య ఆ పిల్లలు నమస్కారమండి అని ఇంకేం చెప్పలేక ఆగిపోతుంటే మా ఇంట్లో ఆడవాళ్ళు ఒకటే ఏడుపు."

అప్పుడు గుర్తొచ్చింది నా మొద్దు బుర్రకి. పెద్ద నాయకులెవరైనా పోతే రేడియోలో పాటలు ఆపేసి వీణే కదా వేసేవారు! పరుగున వెనక్కి వెళ్ళాను.

"సార్, ఎవరూ పోలేదని ఒక్క మాట చెప్పేద్దామండి."

"పోయారని చెప్పాలన్నా, పోలేదని చెప్పాలన్నా పైనుంచి అనుమతి రావాలమ్మా."

"అంతవరకు ఏం చేద్దామండి?"

ఆయన రూళ్ళ పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేసి, "వీణ వెయ్యి" అన్నారు.

మర్నాడు బడులు తెరవలేదు. పిల్లలకి అంత నచ్చిన కార్యక్రమం మళ్ళీ నేను చెయ్యలేదు. ఏ రూలూ తప్పలేదు కనక ఉద్యోగం నిలిచింది, అందులోనే రిటైరయ్యాను. ఆ వారమే ఆదివారం ఇంటికి వెళితే నాన్న, "పేరు తెలియకపోయినా చర్చిలో అందరం ప్రార్థన చేశామమ్మా. అంతసేపు వీణ వేశారంటే ఎంత మంచి మనిషో" అన్నారు. ఎవరూ పోలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు (అనుమతి కూడా రాలేదు). ఇప్పటికీ ఎక్కడైనా వీణ వినబడితే ముందు ఎవరు పోయారో అనుకుంటాను, ఆ వెంటనే కొవ్వూరు కుర్రాడు గుర్తొస్తాడు. పాపం, వాడు చూసిన గోదారి ఎంత బావుందో చెప్పాడు. ఆ ముక్క విన్నది ఈ లోకంలో కత్తెరగారూ నేనూ మాత్రమే.