తట్ట బోర్లించిన రోజు

ఆ రోజు తాతను పారిపోయేలా చేసింది మామ్మేనని నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ముసలాయనకు మతి తప్పిందనే వీధిలో అందరూ అనుకున్నారు. మామ్మ ఔననలేదు, కాదనలేదు.

వయసులో ఉన్నప్పుడు తాత, తెల్లవాళ్ళ పోలీసులు వెతికే మనుషుల్ని భీమిలి నుంచి రాత్రిళ్ళు తన పడవలో దాటించేవాడట. కరపత్రాలు ఎండుచేపల అడుగున పెట్టి మామ్మ నెత్తిన మోసుకెళ్ళేదట. పోలీసులు వీధిలోకి వస్తే ఆడవాళ్ళు నోరెత్తేవారు కాదు. గడప ముందు చేపల తట్ట బోర్లించేవారు, అంతే. ఒడ్డు నుంచి వచ్చే మగవాడు వీధి మొదట్లోనే అది చూసి వెనక్కి తిరిగేవాడు. అందుకే మా ఇంట్లో కడిగిన తట్టను ఎప్పుడూ గోడకు ఆనించేవాళ్ళం. పొరపాటున బోర్లిస్తే మామ్మ అరిచేది.

ఒక్కసారి మాత్రం తట్టకు పని పడలేదు. పోలీసు జవాను మర్యాదగా వచ్చాడట. దొరగారు మాట్లాడాలంటున్నారు, ఒకసారి వచ్చి వెళ్ళమన్నాడట. తాత ఉతికిన చొక్కా వేసుకుని మరీ వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి ఆయనకు ఎడమ చెవి వినపడేది కాదు. మామ్మకు తొలి బిడ్డ పుట్టడమూ పోవడమూ కూడా అయిపోయాయి. ఇదంతా మామ్మ చేపలు తోముతూ ముక్కలు ముక్కలుగా చెప్పింది. తాత ఎన్నడూ చెప్పలేదు.

స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళయిన సంవత్సరం నేను ఇంటర్ చదువుతున్నాను. జెండా పండుగ రోజు పొద్దున్నే పోలీసు జీపు మా వీధిలో ఆగింది. సభలో తాతకు శాలువా కప్పుతారట. మాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. అమ్మానాన్నలు చేపలరేవుకు వెళ్ళారు. ఒడ్డుకు వెళ్ళిన తాత ఇంకా రాలేదు. కానిస్టేబులు నవ్వుతూనే అడిగాడు.

"తాతగారిని రమ్మనమ్మా. అయ్యగారు పిలుస్తన్నారు. మల్లీ మేవే దింపేత్తాం."

మామ్మ గడప దగ్గరకు వచ్చింది.

"ఏటకెల్లిపోనాడు బాబూ," అంది.

తాత సముద్రం మీద వేట మానేసి చాలా ఏళ్ళయింది. ఆ మాట అంటూనే మామ్మ గోడ దగ్గరున్న తట్టను తీసి గడప ముందు బోర్లించింది. కానిస్టేబులు దానివంక చూడనైనా లేదు. నేను కిటికీలోంచి వీధి చివరకు చూశాను. తాత నిలబడి ఉన్నాడు. మళ్ళీ చూసేసరికి లేడు.

ఆయన గుండెకు మందులు వాడుతున్నాడు. గబగబా నడిస్తే పెదవులు నల్లబడేవి. నేను చెప్పులైనా వేసుకోకుండా వెనక వాకిలి నుంచి ఒడ్డుకు పరుగెత్తాను. ముసలాయన ఇటే వెళ్ళాడని అప్పటికే ఎవరో చెప్పినట్టున్నారు. కానిస్టేబులు ఇసుకలో నడుస్తూ "తాతగారూ" అని పెద్ద గొంతుతో పిలుస్తున్నాడు. వెనక మా వీధివాళ్ళు.

"కొత్త పెల్లికొడుకులాగ సిగ్గుపడతన్నాడ్రా ముసిలోడు," అని ఒకతను అంటే అందరూ నవ్వారు.

పిలవకండి, పిలిచేకొద్దీ ఆయన ఇంకా దాక్కుంటాడు అని చెప్పాలి. చెప్పలేక పక్కకు తప్పుకుని నడిచాను. నలుగురి ముందు నాకెప్పుడూ అంతే.

పాత వలల కుప్ప ఒకటి కదిలింది. వెళ్ళి, వల బాగుచేస్తున్నట్టు దాని పక్కన కూర్చున్నాను. కింద ఊపిరి ఈలలా వినపడుతోంది. చెయ్యి లోపలికి పెడితే తాత నా మణికట్టు పట్టుకున్నాడు. అరచెయ్యి చల్లగా, తడిగా ఉంది.

"ఆల్లు మంచోల్లే తాతా. శాలువా కప్పుతారట."

"అలాగే సెప్తారు. నీ ఎనకాల ఎంతమందున్నారు?"

అంతలో బూట్లు వచ్చి మా పక్కన ఆగాయి. శాలువా సంగతి నాకు తెలుసు. అయినా ఆ క్షణంలో అవి మమ్మల్ని పట్టుకుపోవడానికే వచ్చాయని నమ్మాను. తల ఎత్తలేదు. వల కింద ఈల ఆగిపోయింది. బూట్ల కంటే ఆ నిశ్శబ్దానికే ఎక్కువ భయపడ్డాను.

బూట్లు దూరమయ్యాక వలలు లాగేశాను. ఆయన పెదవులు నేరేడుపండులా ఉన్నాయి. మాత్రలు ఇంట్లో ఉన్నాయి, ఇంటికి దగ్గర దారి జీపు పక్కనుంచే. ఆయన చెయ్యి నా భుజం మీద వేసుకుని నడిపించాను. డ్రైవరు మావైపు తిరగగానే నా కాళ్ళు పరుగు అందుకోబోయాయి. తాత భుజం నొక్కి ఆపాడు. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో ఆయనకు మాట పడిపోయింది, మళ్ళీ రాలేదు. నాతో అన్న చివరి మాటలు ఆ జీపు పక్కన, పెదవులు కదపకుండా అన్నవే.

"బయమేత్తే పరిగెత్తకమ్మా. నడు. పరిగెత్తినోల్లనే పట్టుకుంతారు."