రేసుకారుకి మూడు వరసల బంతిపూల దండ

నిన్న విజయదశమి పూట నా కారు నాకు దక్కిందో లేదో చెప్తా. ముందు ఆ టీ గ్లాసులు కింద పెట్టండన్నా, నవ్వితే పొలమారుద్ది!

మద్రాసులో ఒక దొర దగ్గర కొన్నానే, రెండు తలుపుల రేసుకారు. మా కోవూరు మొత్తానికీ అట్టాంటిది ఒక్కటే. నాకు పిల్లనిచ్చిన మామకి మాత్రం కంటగింపు. వడ్ల మూట పట్టదు, నలుగురు పట్టరు, ఎందుకది అంటాడు. మొన్న తెగేసి చెప్పినాడు. "పండగనాడు నన్ను అల్లూరు తీసుకుపో. దోవలో ఆగకుండా చేరిస్తే ఉంచుకో. ఆగిందా, అమ్మేసి ట్రాక్టరు కొనాల." నేను మీసం మెలేసి సరేనన్నా.

ముందురోజు ఆయుధపూజ. ప్రేమకొద్దీ నేనే చేసినా. ముందర జాలీకి మూడు వరసల బంతిపూల దండ, అటొకటి ఇటొకటి అరటి పిలకలు. లోపల మీటర్లకి గంధం, కుంకుమ. చిన్నాచితకా బొట్లు కాదు, రూపాయి బిళ్లంత!

బయల్దేరేటప్పుడు మా ఆవిడ వెనక ఇరుకు సీట్లోంచి అంది. "ఏమండీ, మీటర్లో ముల్లు కనబడట్లేదు. కాస్త తుడవండి."

"పూజ చేసిన బొట్టు పండగపూట తుడుస్తారా ఎవరైనా?" అని కసిరినా.

ఇంక దోవ పొడుగునా మామకి పాఠం. "ఇది మామూలు కారు కాదు మామా. నీళ్ల వేడికి ఒక మీటరు, ఇంజనాయిలు వేడికి ఇంకో మీటరు. నీళ్లు బిరీన కాగుతాయి, ఆయిలు నిదానంగా కాగుద్ది. రెండూ చూసుకుంటా తోలేవాడే డ్రైవరు!" మామ ఆ రెండు బొట్లకేసి వంగి చూసినాడు.

కాసేపటికి మా ఆవిడ, "ఏదో మాడుతున్న వాసన" అంది. బంతిపూలు ఎండకి వాడుతున్నాయిలే అన్నా. అంతలోనే బుస్సుమని ఆవిరి! దోవ కనబడలా. కారు ఆగిపోయింది. అల్లూరు ఇంకా రెండు మైళ్లు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

క్యారియరు గిన్నెతో పంటకాలవ నీళ్లు ముంచుకుని పరిగెత్తుకొచ్చినా. మామ చెయ్యి అడ్డం పెట్టినాడు.

"ఆగబ్బా! అరక విప్పిన ఎద్దుకే రొప్పు తగ్గిందాకా నీళ్లు పెట్టం. ముందు నీడకి తొయ్యి."

తోసినా. ఆయన దండ ఎత్తి చూసి, "దీనికి గాలాడేది ఈ జాలీలోంచే గదా? ముక్కూ నోరూ మూసి పరిగెత్తించినావు గదయ్యా!" అని మూడు వరసలూ తెంపేసినాడు. పైపంచెతో మీటర్లు తుడిచినాడు. రెండు ముళ్లూ ఎర్రగీత అవతల! సిగ్గుతో తల ఎత్తలేకపోయినా.

అరగంట ఆగి, చల్లారినాక ఆయనే నీళ్లు పోసినాడు. తాళం తిప్పితే ఒక్క దెబ్బకి స్టార్టు! మిగిలిన రెండు మైళ్లూ మామ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, గాలి తగుల్తుంటే పిల్లాడిలా నవ్వుతానే ఉన్నాడు. ఆ ముఖం చూస్తే నాకూ హాయిగా అనిపించింది.

అల్లూరులో దిగినాక నేనే నసిగినా. "మధ్యలో ఆగింది గదా మామా. అమ్మేస్తాలే."

"ఎందుకు అమ్మేది? కారు లక్షణంగా ఉంది" అని కూతురి వైపు తిరిగినాడు. "అమ్మాయీ, నువ్వు తోలడం నేర్చుకో. తేడా అంతా డ్రైవరులోనే ఉంది."

మొత్తానికి కారు నాకే దక్కిందన్నా. తాళంచెవి మాత్రం ఈ పొద్దుట్నించి మా ఆవిడ కొంగున ఉంది!