కొండబాబుకి చెప్పిన కామెంటరీ

ఫోన్ అంటే చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడే వస్తువు మాత్రమే అయిన రోజులవి. ఇరాక్‌లో యుద్ధం మొదలైన ఏడాది. ఒహాయోలో ఒక చిన్న ఊళ్లో ఎమ్మెస్ చదువుతూ, లెక్కల్లో వెనకబడ్డ విద్యార్థులకు కాలేజీ తరఫున పాఠాలు చెప్పేవాణ్ణి. అలా దొరికాడు కొండబాబు. అమెరికా కుర్రాడు, అసలు పేరు వేరే. మా తలుపులోంచి పక్కకి తిరిగి దూరే ఆ ఆకారాన్ని చూసి నా రూమ్మేట్ (వరంగల్ వాడు, పేర్లు పెట్టడంలో సిద్ధహస్తుడు) ఆ పేరు ఖాయం చేశాడు. కొండబాబు కాలేజీ ఫుట్‌బాల్ (బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్) జట్టులో ఆడేవాడు. లెక్కల్లో తప్పితే ఆడనివ్వరు. నేనతనికి కాలిక్యులస్ చెబితే, అతను మా పప్పన్నం తింటూ, ఉప్పు డబ్బానీ ఆవకాయ సీసానీ అటూ ఇటూ జరుపుతూ నాకు ఫుట్‌బాల్ చెప్పేవాడు. అతను పాసయ్యాడు. నేను కాలేదు.

ఆ సీజన్‌లో మా జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఊరంతా పండగే. చివరి మ్యాచ్ ఒక్కటే మిగిలి ఉండగా కొండబాబుకి సైన్యం నుంచి పిలుపొచ్చింది. ఫీజు కడతారు, చదువు సాగుతుందని నేషనల్ గార్డ్‌లో, అంటే అవసరమైనప్పుడు పిలిచే సైన్యంలో, చేరిన మనిషి. ముందు టెక్సస్‌లో శిక్షణ, తర్వాత ఇరాక్. వెళ్లే ముందు మా ఇంటికొచ్చాడు.

“మన మ్యాచ్ టీవీలో రాదు. నువ్వు ఫోన్‌లో చెప్పాలి.”

“నాకు ఆటే రాదు కదా.”

“వచ్చినవాళ్లు ఆడుతుంటారు, మిగతావాళ్లు అరుస్తుంటారు. నువ్వైతే చూసింది చూసినట్టు చెప్తావ్.”

ఆ శనివారం మధ్యాహ్నం, రూమ్మేట్ కారులో రెండు గంటలు ప్రయాణం చేసి, అవతలి జట్టు ఊళ్లో చలికి వణుకుతూ కూర్చున్నాం. టెక్సస్‌లో ఉన్న కొండబాబుకి ఫోన్ కలిపి నేను కామెంటరీ మొదలుపెట్టాను. “బంతి మనవాడి చేతిలో ఉంది. అందరూ వాడి మీద పడ్డారు. లేచారు. మళ్లీ పడ్డారు.”

“ఎంత దూరం వెళ్లాడు?”

“మా హాలంత.”

అటునుంచి నవ్వు. మళ్లీ అతనే అడిగాడు. “నా చోట ఎవరు ఆడుతున్నారు?”

“ఎవరో సన్నటివాడు.”

“సన్నటివాడా?”

“నీతో పోలిస్తే.”

మూడు గంటలు అలాగే గడిచాయి. ఆఖరి క్షణాల్లో మేం రెండు పాయింట్లు ముందున్నాం. అవతలివాళ్లు బంతిని తన్నబోతున్నారు; మైదానం చివరనున్న రెండు స్తంభాల మధ్యనుంచి వెళ్తే గెలుపు వాళ్లదే. తన్నారు. “వెళ్లిందా?” అని కొండబాబు. చుట్టూ ఒకటే గోల, నాకేం అర్థం కాలేదు. అంపైర్ వైపు చూశాను. చేతులు అడ్డంగా ఊపుతున్నాడు. (పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నేను చూసిన క్రికెట్‌లో అది ఫోర్.)

“ఇచ్చేశాడు,” అన్నాను. “ఓడిపోయాం.”

“పర్వాలేదు,” అన్నాడు కొండబాబు. “బాగా ఆడారు. ఎవర్నీ బాధపడొద్దని చెప్పు.” నా కళ్లలో నీళ్లు తిరిగాయి. రూమ్మేట్ నా భుజం పట్టి ఊపాడు. “ఏందిరా, ఏడుస్తున్నవ్? బాల్ పక్కకి పోయింది. గెల్చినం మనం.”

తడబడుతూ ఆ మాట చేరవేశాను. కొండబాబు తిట్టలేదు. “ఇంకోసారి చెప్పు,” అన్నాడు. చెప్పాను. “తన్నిన దగ్గర్నుంచి చెప్పు.” మళ్లీ చెప్పాను. ఈసారి అటువైపు ముక్కు ఎగపీల్చిన శబ్దం వినిపించింది. నేను విననట్టే ఊరుకున్నాను.

ఏడాదిన్నర తర్వాత క్షేమంగా తిరిగొచ్చానని ఒక ఈమెయిల్ పంపాడు. అప్పటికి నేను ఉద్యోగం కోసం న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చేశాను. వీసా గొడవల్లో పడి నెల ఆలస్యంగా జవాబిచ్చాను. తర్వాత ఎప్పుడో ఫోన్ చేస్తే ఆ నంబరు వేరే ఎవరిదో అయిపోయింది.

ఇప్పుడు అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో మా ఇంట్లో గోడంత టీవీ ఉంది. ఫుట్‌బాల్ రూల్స్ అన్నీ నాకు కంఠతా వచ్చు. శనివారాలు ఒక్కణ్ణే కూర్చుని చూస్తుంటాను. మొన్న మా అమ్మాయి హోంవర్క్ మీదనుంచి తలెత్తి, “డాడీ, ఎవర్తో మాట్లాడ్తున్నావ్?” అంది. పెదాలు కదులుతున్నాయని అప్పుడు తెలిసింది.

“ఎవరూ లేరమ్మా,” అని, టీవీ వాల్యూమ్ కాస్త పెంచాను.