రెండు మోతల డోలు

నిద్రలో లేపి అడిగినా మునస్వామి ఏ రాగమైనా నాదస్వరం మీద పలికించేస్తాడు. సెల్‌ఫోనులో ఒక్క పేరు వెతకమంటే మాత్రం ఆయనకు చెమటలు పడతాయి. ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. అల్లుడు మోజుపడి కొనుక్కుని, మోజు తీరాక మామకు అంటగట్టిన పెద్ద తెర ఫోను అది. దాంట్లో లేని విద్య లేదట. ఆ విద్యలతో మునస్వామికి ఏం పని?

తిరుపతిలో సెల్‌ఫోన్లు బాగుచేసే ప్రేమానందం ఆయన అవస్థ చూసి ఒక ఉపాయం చెప్పాడు. ఒక్కో మనిషికి ఒక్కో పాట తగిలిస్తే సరి, చదవక్కర్లేదు, మోతను బట్టే ఎవరో తెలిసిపోతుంది. సిమ్ములో ఉన్న పేర్లకు పాట తగిలించడం కుదరదని, పేర్లన్నీ ఫోనులోకి మార్చేశాడు. అప్పటినుంచి మునస్వామికి ధైర్యం వచ్చింది. కల్యాణమంటపం మేనేజరు చేస్తే గుడి గంట. భార్య చంద్రకాంతమ్మ పుట్టింటినుంచి చేస్తే కోడికూత. పాపం, ఆ సంగతి ఆమెకు ఇంతవరకూ తెలియదు.

ఒక్క పేరుకు మాత్రం డోలు. ఆ పేరు మునిశేఖర్‌ది.

ఇరవై ఏళ్లు మునస్వామి పక్కన కూర్చుని డోలు వాయించిన మనిషి. పుత్తూరులో ఒక పెళ్లిలో సరిగ్గా తాళి కట్టే వేళ, పురోహితుడు గట్టిమేళం అని చెయ్యెత్తితే నాదస్వరం లేచింది గానీ డోలు లేవలేదు. మునస్వామికి తల కొట్టేసినట్టయింది. "నీకు డోలెందుకురా? పొయ్యి చెక్కభజన చేసుకోపో!" అని పెళ్లివాళ్లందరి ముందూ అనేశాడు. మునిశేఖర్ డోలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. డోలు వాయించే వేలి తొడుగు ఊడి ఎక్కడో పడిపోయిందని తర్వాత ఎవరో చెప్పారు. తెలిసి ఏం లాభం, మాట జారిపోయింది. సూళ్లూరుపేట వైపు ఏదో కంపెనీలో కావలి పనికి కుదిరాడని విన్నారు. ఏ కంపెనీయో ఎవరికీ తెలియదు.

కొన్నాళ్లకు ఒక శుక్రవారం సాయంత్రం కొత్త నెంబరునుంచి ఫోను వచ్చింది. అవతల మాట లేదు. చిన్న దగ్గు వినిపించింది, అంతలో కట్టయింది. ఇన్నేళ్లు పక్కన విన్న దగ్గును మునస్వామి పోల్చుకోలేడా? ఎవరో ఫోనుకు పంపిన పాత పెళ్లి వీడియోలోంచి మునిశేఖర్ డోలు దరువును తీయించి, ఆ నెంబరుకు తగిలించమని ప్రేమానందాన్ని బతిమాలుకున్నాడు.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం దీపాలు పెట్టే వేళకు డోలు రెండుసార్లు మోగి ఆగిపోయేది. మిస్డ్ కాల్. పైసా ఖర్చు లేదు, బాగున్నానన్నా అని చెప్పినట్టూ ఉంటుంది. మునస్వామి ఎత్తేవాడు కాదు, తిరిగి చేసేవాడూ కాదు. పెద్దవాణ్ణి, నేనెట్లా ముందు దిగొస్తానని పంతం. కానీ ఆ వేళకు ఎవరొచ్చి పిలిచినా అరుగు దిగేవాడు కాదు.

మాఘమాసం పెళ్లిళ్లు ముమ్మరంగా ఉండగా ఫోను బిగుసుకుపోయింది. ఏది నొక్కినా ఉలకదు పలకదు. ప్రేమానందం సాఫ్ట్‌వేరు మళ్లీ ఎక్కించాలన్నాడు.

"లోపలుండేవన్నీ పోతాయి పెద్దాయనా. కావాల్సినవి ఉంటే చెప్పు. రెండు దినాలు పెట్టుకోని, తీసే దారేమన్నా ఉండాదేమో సూస్తాను."

అంగడి నిండా జనం. అందులో ఇద్దరు మేళగాళ్లు, పుత్తూరు గొడవ కళ్లారా చూసినవాళ్లు. తిట్టి తరిమినవాడి కోసం ఇంత ఆరాటమా అని నవ్వుకుంటారని మునస్వామి మాట దాటేశాడు.

"ఏముండాయప్పా, అన్నీ పెళ్లోళ్ల నెంబర్లే. వాళ్లే చేస్తార్లే."

ప్రేమానందం ఆయన ముఖంలోకి చూశాడు. "డోలు కూడానా?"

"పోనీలే" అన్నాడు మునస్వామి. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేది!

ఫోను బాగైంది. ఎవరు చేసినా ఇప్పుడు ఒకటే టింగుటింగు. శుక్రవారం సాయంత్రం అది మోగగానే మునిశేఖరేమో అనుకున్నాడు మునస్వామి. కానీ కాళహస్తి పెళ్లివాళ్లు కూడా అదే వేళకు చేస్తామన్నారు. చెయ్యి ఆగలేదు, మొదటి మోతకే ఎత్తేశాడు.

"ఎవురప్పా అది?"

అవతల ఊపిరి చప్పుడు.

"ఎవురు మాట్లాడేది? పేరు చెప్పప్పా!"

దగ్గు వినిపించింది. ఆ తర్వాత గొంతు.

"రాంగు నెంబరు సామీ."

"శేఖరా! రేయ్, నేన్రా..." అనేలోపే కట్టయింది. అన్నా అని తప్ప పిలిచి ఎరగని మనిషి. అన్న తన పేరు కూడా తుడిచేశాడని అనుకున్నాడు, ఇంకేమనుకుంటాడు? మునస్వామి వెంటనే తిరిగి చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేస్తే స్విచ్ ఆఫ్ అంది.

"ఏమైంది?" అంటూ చంద్రకాంతమ్మ దీపం పెట్టి బయటికి వచ్చింది.

"వాణ్ణి పేరడిగినానే" అన్నాడు మునస్వామి. "ఇరవై ఏండ్లు పక్కన కూర్చున్నోణ్ణి పట్టుకోని, పేరు చెప్పప్పా అన్నానే." ఆయనకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు ప్రేమానందం ఆ నెంబరుకు మళ్లీ పేరు రాసిపెట్టాడు. వీడియో కూడా ఫోనుతోపాటే పోయింది కాబట్టి డోలు మాత్రం దొరకలేదు. వేరే పాట ఏది పెట్టమంటావని అడిగితే మునస్వామి ఏదీ వద్దన్నాడు. ఆ పేరు మీద ఇంకో మోత వినడానికి మనసొప్పలేదు. వారమంతా చేస్తూనే ఉన్నాడు, స్విచ్ ఆఫ్ అనే వస్తూ ఉంది.

శుక్రవారం దీపాలు పెట్టే వేళకు ఫోను అరుగు మీద పెట్టుకుని కూర్చున్నాడు. టింగుటింగుమని మోగింది. మునస్వామి చేతులు ఒళ్లో పెట్టుకుని వింటున్నాడు.

"ఎత్తరాదా, పెళ్లోళ్లేమో" అంది చంద్రకాంతమ్మ.

"ఉండవే, రెండుకు ఆగుతాదేమో సూడనీ."

ఆగలేదు. ఆ సాయంత్రం వచ్చిన ఫోన్లన్నీ చివరిదాకా మోగాయి.