చివరి చరణం లేని కాగితాలు

నా దగ్గరున్న పాటల్లో ఒక్కదానికీ చివర లేదు. ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి, గులాబీరంగు కాగితాలు, పసుపువి, నీలి సిరా అలుక్కుపోయినవి. ఒక్కో కాగితం మీద ఒక్కో పాట. అన్నీ అడుగున చిరిగే ఉన్నాయి. చెదలనూ ఎలుకలనూ తిట్టి లాభం లేదు, వాటిని నేను దగ్గరికి రానివ్వలేదు.

సత్తుపల్లి బస్టాండులో టికెట్ల కౌంటరు వెనకాల నా ఉద్యోగమంతా గడిచింది. అప్పట్లో ఒకాయన కంజీర పట్టుకుని వచ్చేవాడు. చర్ల అవతల అడవి పల్లె మనిషి. వరదల మీద, బస్సు ప్రమాదాల మీద, అన్నదమ్ముల తగాదాల మీద తనే పాటలు కట్టి, కల్లూరులో ఒక చిన్న ప్రెస్సులో అచ్చేయించి, ఊరూరా బస్టాండుల్లో పాడి అమ్ముకునేవాడు. గొంతు గొప్పదేం కాదు. అయినా జనం సంచులు కింద పెట్టి మరీ వినేవాళ్లు. సరిగ్గా చివరి చరణం ముందు టక్కున ఆపేసేవాడు.

"తర్వాతేందయ్యా?" అని ఎవరో ఒకరు అడిగేవారు.

"కాగితంల ఉంది. తీస్కొని సదువుకోండ్రి," అనేవాడు తాపీగా.

నాకు ఒళ్లు మండేది. ఇంతసేపు నిలబెట్టి ఇదేం బేరమని. కానీ కాగితాలు చకచకా అమ్ముడుపోయేవి. జనమూ తక్కువ తిన్నవాళ్లేం కాదు. మిగతా పాటంతా విన్నదే కదా, చివరి చరణం మట్టుకు చింపి జేబులో పెట్టుకుని, పై ముక్క అక్కడే పడేసి బస్సెక్కేవాళ్లు. ఆ ముక్కను ఇంట్లో గోడకు అంటించుకునేవారట. కౌంటరు మూశాక ఆ పై ముక్కలు నేను ఏరుకునేవాణ్ని. నలుగురిలో నిలబడి పాటల కాగితం కొనడం అప్పట్లో నాకు నామోషీ. కింద పడ్డది ఏరుకోవడానికి మాత్రం ఆ నామోషీ అడ్డు రాలేదు, ఏం చెప్పను.

దాచడం మాత్రం బాగా దాచాను. మడతలు మెల్లగా విప్పి, బరువైన పుస్తకాల కింద పెట్టి చదును చేసి, పెట్టె అడుగున ఎండు వేపాకూ పొగాకు కాడలూ పరిచి, ఒక్కోదాన్నీ ఒక్కో కవర్లో పెట్టాను. టేపు అంటించను, పిన్ను గుచ్చను. కాగితం మీద పెన్ను అసలే పెట్టను, రాయాల్సిందేదైనా ఉంటే కవరు మీదే.

"పెళ్లిపట్టుచీరకు కూడా ఇంత మర్యాద చెయ్యలేదండీ మీరు," అని మా ఆవిడ దెప్పేది.

పోయిన వానాకాలం అయ్యాక ఒక ఫోనొచ్చింది. ఆ పాటలాయన కొడుకట, నా పెట్టె సంగతీ నంబరూ బస్టాండులో ఎవరో చెప్పారట. తండ్రి పోయి చాలాకాలమైందన్నాడు.

"నాయిన కాగితాలు మీ దగ్గరున్నయంటగా సారూ. పడవ మునిగిన పాట ఉందా? మా అమ్మ అడుగుతుంది."

"ఉంది," అన్నాను. ఎంత గర్వంగా అన్నానో నాకే తెలుసు.

"దాని చివర్ల మా పెద్దమ్మ పేరుంది సారూ. పడవల పోయినోళ్లందరి పేర్లు ఆడ పెట్టిండు నాయిన."

నాలుక కరుచుకున్నాను. చివరిది నా దగ్గర లేదని అప్పుడే చెప్పాల్సింది, పాట తెచ్చిస్తానని ఫోను పెట్టేశాను. కల్లూరు వెళ్లాను. ప్రెస్సున్న చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. పాత టీకొట్ల వాళ్లను అడిగితే నన్ను ఎగాదిగా చూశారు. ఎక్కడా దొరక్క, ఉన్న ముక్కే పట్టుకుని చర్ల బస్సెక్కాను.

బస్సు దిగాక కొడుకు తన ఆటోలో ఇంటికి తీసుకెళ్లాడు. అరుగు ముందు మొక్కజొన్న కండెలు ఆరబోసి ఉన్నాయి. ఆయన భార్య ముసలిదైపోయింది, చూపు మాత్రం చురుగ్గా ఉంది. నీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది.

"అక్క సంతకని పడవెక్కింది. మల్ల దొరకలే. మా దిక్కు పోయినోళ్లకు రాయి నిలబెడతరు సారూ. మనిషే దొరక్కపాయె, రాయెట్ల పెట్టాలె అన్నరు పెద్దలు. అప్పుడు మా ఆయన పాటల పేరు పెట్టిండు. ఇదే రాయి అనుకో అన్నడు."

"మీకు పాడి వినిపించాడా అమ్మా?"

"ఏడ పాడిండు. ఆడిదాంక వచ్చి ఆపేటోడు, ఇంట్ల గూడ. కాగితంల ఉందిగా అనేటోడు. నాకు సదువొచ్చా? పిల్లగాడు బడిల ఉన్నప్పుడు సదివి ఇనిపించిండు ఒక్కసారి. అదీ గోదారొచ్చినప్పుడు పెట్టెతోటి పాయె."

నేను ఇన్నాళ్లూ అది బేరం అనుకున్నాను. ఈ పాట దగ్గర మాత్రం ఆయనకు గొంతే రాలేదేమో, నాకేం తెలుసు. కవరు తెరిచి కాగితం చదవడం మొదలుపెట్టాను. ఆమె కళ్లు మూసుకుని వరుస కలిపింది. పడవ రేవు దాటింది, గాలి లేచింది, కాగితం అయిపోయింది. ఆమె కళ్లు తెరిచింది.

"ఇంతేనమ్మా. కింద చిరిగింది," అన్నాను.

ఆమె కాగితం తీసుకుని చిరుగు వెంట వేలితో తడిమింది. తర్వాత నా చొక్కా జేబు వైపు చూసింది.

"అవ్, పెన్నుందిగా సారూ. ఈడ కొంచెం ఖాళీ జాగ ఉంది. అక్క పేరు నేను చెప్త, రాయి."

పెన్ను తీశాను. మూత కూడా తీశాను. కాగితం మీద పెట్టబోయేసరికి చెయ్యి ఆగింది. ఇన్నేళ్లు గీత పడకుండా దాచిన కాగితం కదా అనిపించింది, దేవుడి సాక్షిగా అంతకుమించి ఏమీ లేదు. ఆ కాస్త ఆగడం ఆమె చూసింది.

"వద్దులే. నీ కాగితం ఖరాబైతది," అని రెండు చేతులతో తిరిగి ఇచ్చేసింది.

"వేరే తెల్లకాగితం మీద రాసిస్తానమ్మా," అన్నాను కంగారుగా.

"తెల్లకాగితం మా ఇంట్ల గూడ ఉంది సారూ."

కోపంగా అనలేదు. అన్నం తిని పొమ్మంది కూడా.

తిరుగు ప్రయాణంలో భద్రాచలం వంతెన మీదికి బస్సు వచ్చింది. కింద గోదారి. సిగ్గుతో చచ్చిపోతున్నాను. పోతే పోయింది వెధవ కాగితం, రాసేద్దామని ఒళ్లో పరుచుకుని పెన్ను తీశాను. అప్పుడు తట్టింది, ఆ అక్క పేరేమిటో నేను అడగనే లేదు.

కొడుకు నంబరు నా ఫోనులో ఉంది. రోజూ తీసి చూస్తాను. ఏ మొహం పెట్టుకుని చెయ్యను? కాగితం పెట్టెలో ఉంది, ఒక్క మచ్చ లేకుండా. పేరు ఇంకా నాకు తెలియదు.