మంచుకొండ మీద మనిషి

ఆఫీసు తుడిచే సువార్తమ్మ ఆ గదిలోకి మాత్రం చెప్పులు విప్పి మరీ వెళ్తుంది. దుబాయ్‌లో కట్టబోయే మంచు రిసార్టు నమూనా అక్కడ పెద్ద బల్ల మీద ఉంటుంది. మూడేళ్లుగా పునాదైనా పడలేదు గాని, ఆ తెల్లకొండ మీద దుమ్ము మాత్రం రోజూ పడుతుంది. కాళ్లకు పలకలు కట్టుకుని జారుతున్న గోరంత మనుషుల మధ్య, ఊపిరి బిగబట్టి, మెత్తటి కుంచెతో దులుపుతుంది. రంజాన్ ముందు ఒకడు విరిగి చేతికొచ్చాడు. వాణ్ణి కాగితంలో చుట్టి యూనిఫాం జేబులో దాచి, విరిగినచోట మొహానికి రాసుకునే పౌడరు అద్దింది. అప్పట్నించీ ముదీర్ అని అందరూ పిలిచే మేనేజరు బూట్ల చప్పుడు వింటే చాలు, ఆమె చెయ్యి జేబు మీదకి పోతుంది.

ఇవాళ ముదీర్ ఇద్దరు కొత్తవాళ్లతో వచ్చి, నేరుగా ఆ కొండ ముందే ఆగాడు. వాళ్లు టేపు తీసి బల్లను కొలుస్తుంటే సువార్తమ్మ ఇక తట్టుకోలేకపోయింది.

“తప్పయిపోయింది సార్,” అంటూ కాగితం విప్పి బొమ్మను చూపించింది.

తెలుగు రాని ముదీర్‌కు ఏమీ అర్థం కాలేదు. గుమ్మంలో ఉన్న డ్రైవర్ ప్రసాద్ ఆమె ఊరివైపువాడే. నవ్వేశాడు.

“బొమ్మదేవుంది పిన్నీ, ప్రాజెక్టే ఖలాస్! ఈళ్లు బల్లతో సహా ఎత్తుకుపోడానికొచ్చారు. ఆఫీసు మూసేత్తన్నారు.”

అమ్మయ్య అనుకుంది సువార్తమ్మ. అనుకున్నంతసేపు పట్టలేదు, చేతిలోని కుంచె వైపు చూసుకుంది.

“మరి రేపట్నించి నన్నేం తుడవమంటారు బాబూ?”