అక్క తీసిన ఫొటో

మొన్న కార్తీకంలో అక్కాబావలతో కలిసి భూపాలపల్లి దగ్గరి అడవికి వనభోజనాలకు వెళ్లినప్పుడు, మా అమ్మాయి తన కొత్త డిజిటల్ కెమెరా నా చేతికిచ్చి, "బాపూ, ఫొటోల్ల మనింట్ల నిన్ను మించినోళ్లు లేరంటరు గద, తియ్యి" అన్నది. నొక్కగానే వెనక అద్దం మీద బొమ్మ కనబడుతుంది, నచ్చకపోతే చెరిపి మళ్లీ తీయవచ్చు. ఆకుల మీది ఎండనూ, పొయ్యి పొగనూ తీస్తూ చెరుపుతూ చాలాసేపు ప్రయోగాలు చేశాను గాని, అమ్మాయి మాట మాత్రం లోపల గుచ్చుకుంటూనే ఉంది.

ఎనభైలలో మా బావ డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగి. నేను మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, కొత్తగా కొలువులో చేరాను. మన ఈడు వాళ్లకు తెలుసు, అప్పట్లో రీలు ఎంత పొదుపుగా వాడేవాళ్లమో. ఆడవాళ్లు ఫొటోలో నిలబడాలే తప్ప కెమెరా ముట్టుకోవడం ఉండేది కాదు. సూర్యుడు తీసేవాడి వెనకే ఉండాలన్నది బావ నియమం.

ఆ ఏడు ఊరి బయటి మామిడితోటలో వనభోజనాలు. తన కెమెరా నాకు అప్పగించి బావ బావి దగ్గరికి వెళ్లాడు. పొయ్యి మీది వంట గంజులోంచి ఆవిరి లేస్తోంది, దాని వెనక ఎండ, ఆ వెలుగులో మా అవ్వ, అదే మా అమ్మ, ఎందుకో పగలబడి నవ్వుతోంది. అక్క గబగబా వచ్చి, "జర ఇటియ్యి తమ్మీ, అవ్వ నవ్వుతాంది" అని కెమెరా లాక్కుని నొక్కేసి, మళ్లీ నా చేతిలో పెట్టింది.

తిరిగొచ్చిన బావ, ఎండవైపే తిరిగి ఉన్న కెమెరా మీద రీలు అంకె పెరగడం చూసి, "ఎవర్ర గిది? ఎండకు ఎదురుంగ తీసి రీలు కరాబ్ చేసిండ్రు!" అని అరిచాడు. అక్కను తిడతాడని, తీసింది నేనే అన్నాను. అప్పటికి అది అబద్ధమైనా మంచి అబద్ధమే.

కాని రీలు కడిగించాక తేలిందేమిటంటే, అన్నిట్లోకీ గొప్పగా వచ్చింది ఆ ఒక్కటే. మానుకోట స్టూడియో ఆయన దాన్ని పెద్దది చేసి అద్దాల అల్మారాలో పెట్టుకున్నాడు. బావ పొంగిపోయి, నీ చెయ్యి మంచిదని కెమెరా నాకే ఇచ్చేశాడు. అన్నం వడ్డిస్తున్న అక్క నా వైపు ఒక్కసారి చూసి లోపలికి వెళ్లింది. నేను నా అబద్ధం దిద్దుకోకుండానే కెమెరా పుచ్చుకున్నాను. ఆ తరువాత ఇంట్లో పెళ్లిళ్లకూ పురుళ్లకూ నేనే ఫొటోలు తీశాను.

మొన్న ఆ అడవిలోనే, విస్తళ్ల ముందు, అందరికీ ఉన్నదున్నట్టు చెప్పాను. బావ ముద్ద చేతిలో పట్టుకుని, "అంటే నాడు నేను తిట్టింది మీ అక్కనా?" అన్నాడు. అక్క నవ్వింది. "తిట్లు నువ్వే తిన్నవు, మెప్పు గూడ నువ్వే తింటివి తమ్మీ. ఇగ ఇటియ్యి, ఏది ఒత్తాలె?" అని చెయ్యి చాపింది.

పొద్దుగూకేదాకా అక్క కెమెరా దించలేదు. పాడైపోవడానికి ఇప్పుడు రీలు లేదు, అరిచేవాళ్లూ లేరు. ఆమె తీసినవి ఒక్కొక్కటే చూస్తుంటే, ఇన్నేళ్లలో నావల్ల ఆమె తీయకుండా పోయినవి ఎన్ని ఉంటాయో అనిపించింది. అక్కకు ఆ లెక్కేమీ పట్టినట్టు లేదు. ఛార్జింగ్ ఎంతసేపు ఉంటుందని మా అమ్మాయిని అడుగుతూ, చెట్ల మధ్యకు ముందు నడిచింది.